మా గల్లీ మీద ఎర్రగీత

మా అబ్బా వేళ్ల సందుల్లో ఎప్పుడూ దూది ఉండేది. కనుబొమ్మల మీద దూది, చెవుల్లో దూది, గడ్డంలో దూది. చిన్నప్పుడు మేము అబ్బాను ముసలివాడనుకునేవాళ్లం. అసర్ నమాజుకు వజూ చేసి ముఖం కడుక్కుని లేచేసరికి పడుచువాడై కనిపించేవాడు. జనగామలో పరుపులు కుట్టే పని మాది. పెండ్లిళ్ల రోజుల్లో దొరల ఇళ్లకూ, కోమట్ల ఇళ్లకూ, మాలవాడకూ, మాదిగవాడకూ మా పరుపులే పోయేవి. మా చేతి పరుపు మీద పండని కులం మా ఎరికలో లేదు. అయినా దింపడానికి పోయినప్పుడు కొన్ని ఇళ్లల్లో గడప ఇవతలే పెట్టమనేవాళ్లు. పరుపు లోపలికి పోయేది, మేము బయట ఉండేవాళ్లం. అది వివక్ష అని మాకు తెలియదు. అది మర్యాద అనుకునేవాళ్లం.

మేము ముగ్గురం. ఆపాను మానుకోటకు ఇచ్చారు. చిన్నోడు బొగ్గుబాయిల ఉద్యోగం దొరికి భూపాలపల్లి పోయాడు. ఒకరం జనగామలోనే దుకాణం పట్టుకుని ఉండిపోయాం. ఈ రాత ముగ్గురిదీ. రాసే చెయ్యి ఒకటే అయినా చెప్పిన నోళ్లు మూడు. అందుకే 'మేము' అని రాస్తున్నాం. 2016 అక్టోబర్ దాకా ఈ మూడు ఊళ్లూ ఒకే వరంగల్ జిల్లా. తర్వాత మూడు జిల్లా కేంద్రాలయ్యాయి. జనగామకు రైలుంది, మానుకోటకు రైలుంది, భూపాలపల్లికి బొగ్గుంది కానీ రైలు లేదు. పండుగకు కలుసుకోవాలంటే ఎవరో ఒకరం బస్సుల్లో నలగాల్సిందే.

మా దాదా బ్యాంకు మెట్టు ఎక్కలేదు. సూద్ తినడం హరామ్, సూద్ కట్టడమూ హరామ్ అనేవాడు. ఆయన డబ్బు ఒక గుడ్డసంచిలో, ఆ సంచి ఒక పరుపులో ఉండేది. ఏ పరుపో దాదీకి కూడా చెప్పలేదంటారు. హైదరాబాద్ స్టేట్ బ్యాంకు 1941లో నిజాం పెట్టించింది. తర్వాతి రోజుల్లో అది స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ అయింది, 2017 ఏప్రిల్‌లో పెద్ద స్టేట్ బ్యాంకులో కలిసిపోయింది. "మీ నిజాం బ్యాంకే కదరా, మీకేం తక్కువ?" అని బజార్లో మమ్మల్ని ఎగతాళి చేసేవాళ్లు. నిజాం మాకు చుట్టం అయినట్టు! ఉస్మానియా సిక్కా మా దాదా చేతిలోకి వచ్చిందంటే, దూది ఏకి, సూదితో వేలు పొడుచుకుంటే వచ్చింది.

అబ్బా కాలానికి సూద్ సంగతి పక్కకు పోయింది. కారణం మతం కాదు, స్పంజి. స్పంజి పరుపులు వచ్చాక దూది పరుపు అడిగేవాళ్లు తగ్గారు. దుకాణం నిలబడాలంటే మోటారు మీద నడిచే దూది ఏకే మిషన్ కావాలి, కొంచెం స్పంజి సరుకూ పెట్టుకోవాలి. 2004లో లెక్క వేస్తే ఎనభై వేలు తేలింది. అబ్బా మసీదులో పెద్దమనిషిని అడిగాడు. ఆయన చాలాసేపు గడ్డం నిమురుకుని, "కడుపు కోసమైతే అల్లా చూసుకుంటడు, పో" అన్నాడు. దాదా బతికి ఉంటే ఏమనేవాడో! మా ఇంట్లో మొదటిసారి బ్యాంకు అప్పు కోసం బయలుదేరిన రోజు అబ్బా ఇస్త్రీ షేర్వాణీ వేసుకున్నాడు. పెండ్లిదే. దానికీ దూది అంటుకుని ఉంది.

ఆ బ్యాంకు పేరు చెప్పం. ఆ ఆఫీసరు పేరూ చెప్పం. ఒక మనిషి మీద కోపం తీర్చుకోవడానికి కాదు ఈ రాత. ఆయన చెడ్డవాడు కూడా కాదు. కూర్చోమన్నాడు, చాయ్ తెప్పించాడు, కాగితం ముందర పెట్టుకుని అడగడం మొదలుపెట్టాడు. పేరు రాశాడు. పని రాశాడు. "ఎక్కడుంటరు?" అన్నాడు. మా గల్లీ పేరు చెప్పాం.

పెన్ను ఆగిపోయింది.

"ఆ ఏరియాకు మేమియ్యం."

"ఎందుకు సార్?" 

"రికవరీ కష్టం. నెగటివ్ ఏరియా కింద ఉన్నది."

"మేము ఎవరికీ బాకీ లేం సార్. ఇంతకుముందు అప్పే తీసుకోలే."

"మీ సంగతి కాదు. ఏరియా సంగతి. లిస్టు పైనుంచి వస్తది. నేనేం జేస్త?"

అబ్బా ఏమీ అనలేదు. చాయ్ మొత్తం తాగి, కప్పు కింద పెట్టి, సలాం చేసి లేచాడు. మీకు ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఆ ఆఫీసరు ఇంట్లో పరుపులు మా దుకాణంవే. వాటి డబ్బు ఆయన మూడు వాయిదాల్లో ఇచ్చాడు. మూడో వాయిదా ఎనిమిది నెలలు ఆలస్యమైంది. అబ్బా ఒక్కసారీ వాళ్లింటికి వసూలుకు పోలేదు. ఆయన వీధి పేరు మేము మా ఖాతాలో ఎర్రసిరాతో రాయలేదు.

దారిలో అబ్బా అన్నది ఒకటే మాట. "పేరు రాసుకున్నప్పుడు ఆగలే బేటా, జాగ పేరు చెప్పినంక ఆగిండు." ఆ తేడాను పట్టుకుని మేము చాలా ఏండ్లు ఓదార్చుకున్నాం. మన మతాన్ని కాదు, మన గల్లీని వద్దన్నాడు కదా అని. కానీ ఆ గల్లీలో ఎవరుంటారు? ఆ గల్లీకే మేమంతా ఎందుకు చేరాం? వేరే చోట కిరాయికి ఇల్లు అడిగితే పేరు విని "మాంసం వండుతరు కదా" అన్నవాళ్లు ఆ ఊళ్లోనే ఉన్నారు. మానుకోటలో ఆపాకూ అదే అయింది. ఆ ఊరి సర్కారీ పేరు మహబూబాబాద్, ఆరో నిజాం మహబూబ్ అలీ పేరు. అక్కడ మా బావకు, ఆయన పేరులోనూ మహబూబ్ ఉంది, కిరాయి ఇల్లు దొరకడానికి ఐదు నెలలు పట్టింది. మేము కూడా ఆ ఊరిని మానుకోట అనే అంటాం, ఆ పేరే నోటికి తీపి. ఇల్లు అడగబోతే మాత్రం ఆ ఊరికి మా పేరు గుర్తొస్తుంది.

2006 నవంబర్‌లో సచార్ కమిటీ నివేదిక వచ్చింది. జస్టిస్ రాజీందర్ సచార్ పేరు అప్పటిదాకా మేము వినలేదు. పత్రికలో తెలుగులో వచ్చిన ముక్కలు చదివాం. ముస్లింలు ఎక్కువగా ఉండే చోట్లను కొన్ని బ్యాంకులు 'నెగటివ్' అనో 'రెడ్' అనో గుర్తు పెట్టుకుని అప్పులివ్వడం లేదన్న ఫిర్యాదులు ఆ నివేదికలో ఉన్నాయి. ప్రాధాన్యరంగ అప్పుల ఖాతాల్లో ముస్లింల వాటా సుమారు 12 శాతం ఉంటే, అప్పు మొత్తంలో వాటా 5 శాతం కూడా లేదని లెక్క కట్టారు. అంటే ఇచ్చినా చిల్లర ఇచ్చారన్నమాట. ఆ పత్రికను అబ్బాకు చదివి వినిపించాం. ఆయన సంతోషపడ్డాడు! ఎందుకంటే రెండేండ్లుగా ఆయన తప్పు తనదే అనుకుంటున్నాడు. షేర్వాణీకి దూది అంటుకుని ఉండటం వల్ల ఇవ్వలేదేమో అని ఒకసారి అమ్మీతో అన్నాడట.

బ్యాంకుకు పనికిరాని మా గల్లీ ఇంకొకరికి బాగా పనికొచ్చింది. వారం వారం వసూలు చేసే అప్పులవాళ్లు, మైక్రోఫైనాన్స్ అంటారు, మోటరుసైకిళ్ల మీద వచ్చారు. వాళ్ల దగ్గర నెగటివ్ ఏరియా లిస్టు లేదు. ఉంటే గింటే మా గల్లీ పాజిటివ్ లిస్టులో ఉండి ఉంటుంది. ఆడవాళ్లను పది మందిని కూర్చోబెట్టి, ఒకరు కట్టకపోతే తొమ్మిది మంది కట్టాలని చెప్పి, వడ్డీ బ్యాంకుకు రెండింతలకు పైగా వేసి ఇచ్చారు. రికవరీ కష్టమన్న గల్లీలో వాళ్లు ప్రతి మంగళవారం పొద్దున ఏడింటికి రికవరీ చేసుకుపోయారు. కట్టలేనివాళ్లు ఇల్లు విడిచి పారిపోయిన ఊళ్లున్నాయి, ప్రాణాలు తీసుకున్న ఊళ్లున్నాయి. 2010 అక్టోబర్‌లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చేదాకా ఆ మోటరుసైకిళ్ల చప్పుడు ఆగలేదు. ఆగినట్టే ఆగి, వేరే పేర్లతో మళ్లీ వచ్చింది అనుకోండి. మిషన్ మేము కూడా ఆ డబ్బుతోనే కొన్నాం. దాని బాకీ అమ్మీ గాజులతో తీరింది.

మా చిన్నోడు ఇక్కడ అడ్డం పడతాడు. "అన్నిటికీ మతమంటే ఎట్ల? నాకు భూపాలపల్లిల ఇచ్చిండ్రు కదా" అంటాడు. నిజమే. సింగరేణి జీతం చీటీ పెట్టగానే వారంలో అప్పు వచ్చింది. చిన్నోడి పేరూ మా పేర్లలాంటిదే, గడ్డమూ ఉంది. జీతం బ్యాంకులోనే పడుతుంది, కిస్తీ అక్కడే కోసుకుంటారు. బొగ్గుబాయిలోకి దిగినవాళ్లంతా నల్లగానే బయటికి వస్తారు, అక్కడ ఎవరు ఎవరో తెలియదని వాడంటాడు. మేము వాడితో తగువు పెట్టుకుని చివరికి సగం ఒప్పుకున్నాం. కానీ చీటీ ఉన్నవాడు పేరును దాటగలడు, చీటీ లేనివాడు పేరు దగ్గరే ఆగిపోతాడు. మా గల్లీలో చీటీలున్నవాళ్లు ఎంతమంది? పంక్చర్లు, పండ్ల బండ్లు, వెల్డింగు, కుట్టుమిషన్, ఆటో, మా దూది. నెల చీటీ వచ్చే ఉద్యోగాల్లోకి మా పిల్లలు ఎందుకు పోలేదో సచార్ నివేదికలోనే ఇంకో అధ్యాయం ఉంది, అది వేరే కథ.

ఆపా వేరే మాట అంటుంది. మానుకోటలో వాళ్ల మహిళా సంఘంలో ఇద్దరు లంబాడా ఆడవాళ్లు, ఒక మాదిగ ఆమె, ఒక గొల్ల ఆమె, ఆపా, ఇంకొందరు ఉండేవాళ్లు. సంఘం పేరు మీద బ్యాంకు అప్పిచ్చింది. సంఘానికి గల్లీ లేదు కదా! బ్యాంకు మేనేజరు ముందు ఆపా బుర్ఖాలో కూర్చుంటే పక్కన అద్దాల రవికె కూర్చుంది. "మేమిద్దరం వేర్వేరుగ పోయింటే ఇద్దరినీ పంపించేటోడు. కలిసి పోయేటాలకు కుర్చీలు ఏసిండు" అని నవ్వుతుంది. రాజకీయాలు మాట్లాడే మొగవాళ్లం మేము ఇరవై ఏండ్లలో చెప్పలేని మాట అది.

ఇక బందగీ సంగతి. అబ్బా మమ్మల్ని చిన్నప్పుడు ఒకసారి కామారెడ్డిగూడెం తీసుకుపోయాడు. దేవరుప్పుల దగ్గర. అక్కడ షేక్ బందగీ సమాధి ఉంది. బందగీ పేద రైతు. సొంత తోడబుట్టినవాడితో భూమి తగాదా. ఆ తోడబుట్టినవాడు విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి పక్షం. బందగీ దేశ్‌ముఖ్‌కు భయపడకుండా కోర్టుకెక్కాడు, గెలిచాడు. గెలిచిన నేరానికి 1940 ప్రాంతంలో నరికి చంపారు. 1947లో సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు రాసిన 'మాభూమి' నాటకంలో ఆ బందగీ ఉన్నాడు. మమ్మల్ని నిజాం మనుషులని, రజాకార్ల సంతానమని అనేవాళ్లకు మేము ఈ సమాధి చూపిస్తాం. సుల్తాను ముసల్మాను, దేశ్‌ముఖ్ రెడ్డి, చచ్చినవాడు ముసల్మాను. సుల్తాను ఎవరిని కాపాడాడు? చంపించినవాణ్ని. సాయుధ పోరాటానికి ఆ చావు ముందు, 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమురయ్య చావు తర్వాత.

అబ్బాకు అందుకే రెడ్డి అనే మాట వినగానే విసునూరు గుర్తొచ్చేది. దుకాణానికి వచ్చే రెడ్ల పట్ల మర్యాదగానే ఉండేవాడు గానీ, లోపల ఒక గడియ పెట్టుకుని ఉండేవాడు. మాకూ ఆ గడియ వచ్చింది.

ఆ గడియ 2020 నవంబర్‌లో కొంచెం వదులైంది. ఆ నెల 1న అమెరికాలో ఏనుగ శ్రీనివాసులు రెడ్డి అనే పెద్దాయన చనిపోయాడు. ఈ.ఎస్. రెడ్డి అంటారు. అప్పటికి 96 ఏండ్లు. అప్పటి నెల్లూరు జిల్లా గూడూరు దగ్గర పల్లపట్టిలో 1924లో పుట్టిన తెలుగువాడు. గాంధీ హరిజన నిధి కోసం వస్తే ఆయన తల్లి ఒంటిమీది నగలు ఇచ్చేసిందట. 1946లో చదువు కోసం న్యూయార్క్ పోయాడు. అదే ఏడు దక్షిణాఫ్రికాలో తెల్ల ప్రభుత్వం భారతీయులు ఎక్కడ భూమి కొనాలో, ఎక్కడ ఉండాలో గీత గీసి చట్టం చేసింది. ఘెట్టో చట్టమని మనవాళ్లు పేరు పెట్టారు. దాన్ని ధిక్కరించి రెండేండ్లలో సుమారు రెండు వేల మంది జైలుకు పోయారు. 1860 నుంచి మద్రాసు రేవులో ఓడలెక్కి చెరుకు తోటలకు పోయిన కూలీల పిల్లలు వాళ్లు. అందులో తెలుగువాళ్లున్నారు, తమిళులున్నారు, ముస్లింలున్నారు. మొదటి ఓడ ట్రూరోలో పోయిన కూలీల్లో ఒకాయన దర్గా డర్బన్‌లో ఉంది, బాద్షా పీర్ అంటారు. మన దగ్గర దర్గాలకు ఎట్లా అన్ని కులాలూ పోతాయో అక్కడికీ అట్లాగే పోతారు.

ఆ 1946 జులైలోనే ఇండియా దక్షిణాఫ్రికాతో వ్యాపారం తెంచుకుంది. ప్రపంచంలో మొదటి దేశం మనదే. అంటే కడవెండిలో కొమురయ్య పడిపోయిన నెలలోనే, ఇంకా స్వాతంత్య్రం రాని దేశం తన నష్టం తాను భరించి ఆ పని చేసింది. ఈ సంగతి మా పాఠాల్లో చదివిన గుర్తు లేదు.

రెడ్డి 1949లో ఐక్యరాజ్యసమితిలో చేరాడు. 1963లో వర్ణవివక్ష వ్యతిరేక ప్రత్యేక కమిటీకి కార్యదర్శి అయ్యాడు. ఆ కమిటీలో కూర్చోవడానికి పశ్చిమ దేశాలు ఒప్పుకోలేదు. 1976 నుంచి 1984 దాకా వర్ణవివక్ష వ్యతిరేక కేంద్రాన్ని నడిపాడు. ఆయన చేసిన పనుల్లో మాకు బాగా నచ్చింది ఒకటే. జాబితా వేయడం. ఆ కేంద్రం తరఫున 1979లో అచ్చయిన ఒక పత్రంలో, 1972 నుంచి 1978 దాకా దక్షిణాఫ్రికాకు ఏ బ్యాంకు ఎంత అప్పిచ్చిందో లెక్క ఉంది. మా ఆఫీసరు లిస్టు పైనుంచి వస్తుందన్నాడు. ఈ లిస్టు కిందనుంచి పైకి పోయింది.

దాని కథ కొంచెం చెప్పుకోవాలి. 1960 మార్చి 21న షార్ప్‌విల్‌లో పాస్ చీటీలకు ఎదురు తిరిగిన 69 మంది నల్లవాళ్లను పోలీసులు కాల్చి చంపారు. భయపడి పెట్టుబడులు పారిపోతుంటే అమెరికన్ బ్యాంకులు అప్పులిచ్చి ఆ ప్రభుత్వాన్ని నిలబెట్టాయి. 1965 మార్చిలో న్యూయార్క్‌లో చేజ్ మన్‌హాటన్ బ్యాంకు ముందు విద్యార్థులు బైఠాయించి అరెస్టయ్యారు. పది బ్యాంకులు కలిసి 4 కోట్ల డాలర్ల అప్పును తిరగరాస్తూ పోతుంటే 1966 నుంచి జనం తమ ఖాతాలు తీసేసుకోవడం మొదలుపెట్టారు. 1969కి ఆ ఒప్పందం పోయింది. అదే 1969 సెప్టెంబర్‌లో కేప్‌టౌన్‌లో ఇమాం అబ్దుల్లా హారూన్‌ను పోలీసులు 123 రోజులు బంధించి చంపారు. మసీదులో జుమా నమాజు చదివించే మనిషి, నల్లవాళ్ల బస్తీల్లో తిరిగినందుకు. మా మసీదులో ఎవరికీ ఆయన పేరు తెలియదు. పాలస్తీనా కోసం దువా చేస్తాం, హారూన్ కోసం చేయం.

తర్వాత మున్సిపాలిటీలు దిగాయి. ఇది మాకు వింతగా అనిపించింది. మున్సిపాలిటీ అంటే మాకు మోరీలు, నల్లాలు, వీధిదీపాలు. అక్కడ మాత్రం ఊరి డబ్బు ఏ బ్యాంకులో ఉంటే ఆ బ్యాంకు దాన్ని ఎవరికిస్తుందో అడిగే హక్కు ఊరికి ఉందన్నారు. 1979లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీ ఓటర్లు, వర్ణవివక్షకు అప్పులిచ్చే బ్యాంకుల్లో ఊరి డబ్బు పెట్టొద్దని తీర్పు ఇచ్చారు. 1981లో ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ తనను వర్ణవివక్ష వ్యతిరేక నగరంగా ప్రకటించుకుంది. 1990ల మొదటికి అమెరికాలో తొంభైకి పైగా నగరాలు ఏదో ఒక రకంగా డబ్బు వెనక్కి తీసుకున్నాయి. బ్రిటన్‌లో విద్యార్థులు బార్‌క్లేస్ బ్యాంకులో ఖాతా తెరవడం మానేశారు. 1986 నవంబర్‌లో బార్‌క్లేస్ దక్షిణాఫ్రికా వాటా అమ్ముకుని బయటికి వచ్చింది.

అన్నిటికంటే పెద్ద దెబ్బ 1985లో పడింది. అది మా దుకాణం భాషలో చెప్తేనే మాకు అర్థమైంది. దూది షావుకారు మాకు మూడు నెలల బాకీ మీద సరుకిస్తాడు. మూడు నెలలకు మేము డబ్బు కట్టం, చీటీ తిరగరాయించుకుంటాం. ఏండ్ల తరబడి అట్లాగే నడుస్తుంది. ఒక రోజు ఆయన "ఈసారి తిరగరాయను, మొత్తం కట్టు" అన్నాడనుకోండి, దుకాణం ఆ రోజే మూత. దక్షిణాఫ్రికాకు సుమారు 2,400 కోట్ల డాలర్ల విదేశీ అప్పు ఉంటే, అందులో 1,400 కోట్ల దాకా ఇట్లాంటి తిరగరాసే చీటీలే. 1985 జులై చివర చేజ్ మన్‌హాటన్ ఇక తిరగరాయనంది. మిగతా బ్యాంకులు వెంటపడ్డాయి. ఆగస్టు 15న డర్బన్‌లో అధ్యక్షుడు బోథా మార్పు ప్రకటిస్తాడని ప్రపంచమంతా చూస్తే, ఆయన వేలు చూపించి బెదిరించాడు. ర్యాండ్ కూలిపోయింది. సెప్టెంబర్ 1న అప్పులు కట్టలేమని ఆ ప్రభుత్వం చేతులెత్తేసింది. ఇరవై ఏండ్ల కింద విద్యార్థులు బైఠాయించింది ఆ చేజ్ మన్‌హాటన్ ముందే. ఆ బ్యాంకుకు నల్లవాళ్ల మీద ప్రేమ పుట్టిందని మేము అనుకోం. డబ్బు మునుగుతుందన్న భయం, బయట జనం పెట్టిన పోరు. ఆ భయాన్ని పుట్టించడానికి ఇరవై ఏండ్లు పట్టింది.

మీలో కొందరికి ఇది నచ్చకపోవచ్చు. జనగామ గల్లీకీ సొవెటోకూ పోలికేంటి అంటారు. నిజమే, సమానం కాదు. మాకు ఓటుంది. రాత్రి పాస్ చీటీ అడిగే పోలీసు లేడు. బస్సులో ఎక్కడైనా కూర్చుంటాం. అక్కడ చట్టం గీత గీసింది, ఇక్కడ చట్టం గీత లేదంటుంది. అందుకే ఇక్కడి గీతను చూపించడం ఎక్కువ కష్టం. అమెరికాలో 1930ల్లో ఇళ్ల అప్పుల కోసం వేసిన నగర పటాల్లో నల్లవాళ్ల బస్తీలకు ఎర్రరంగు పూశారు. ఆ పటాలు దొరికాయి కాబట్టి వాళ్లు పట్టుకుని అడగగలిగారు. 1977లో, బ్యాంకు తాను డిపాజిట్లు తీసుకునే బస్తీకి అప్పు కూడా ఇవ్వాలని అక్కడ చట్టం వచ్చింది. మా ఆఫీసరు చెప్పిన లిస్టును మేము ఎప్పుడూ చూడలేదు. మీరు చూశారా?

అబ్బా 2018లో పోయాడు. రెడ్డి కథ ఆయనకు చెప్పలేకపోయాం. విసునూరు రెడ్డిని తప్ప ఇంకో రెడ్డిని ఎరగకుండా పోయాడు.

మా మూడు ఊళ్లలో ఒక ఊళ్లో, ఏ ఊరో అడక్కండి, 2020 జనవరి మున్సిపల్ ఎన్నికల్లో ఒక కుర్రాడు కౌన్సిలర్‌గా గెలిచాడు. పాతికేండ్లు దాటి ఎంతో కాలేదు. మావాడే. పార్టీ ఏదైతేనేం. గెలిచిన కొత్తలో అందరిలాగే మోరీల వెంట తిరిగాడు. రంజాన్‌లో ఇఫ్తార్‌కు వచ్చినప్పుడు మేము రెడ్డి కథ, బర్క్‌లీ కథ చెప్పాం. ఖర్జూరం నోట్లో పెట్టుకుని వింటూ కూర్చున్నాడు. తర్వాత అడిగాడు, "మన ఇంటిపన్ను ఏ బ్యాంకుల పడ్తది మామా?"

మాకూ తెలియదు. ముప్పై ఏండ్లుగా కడుతున్నాం, ఎప్పుడూ అడగలేదు.

వాడు ఆఫీసులో అడిగాడు. ఖాతాల సంగతి కౌన్సిల్ చేతిలో ఉండదని, ట్రెజరీ రూల్సుంటాయని చెప్పారు. అది అబద్ధం కాకపోవచ్చు. షెఫీల్డ్‌కు ఉన్న స్వతంత్రం మన మున్సిపాలిటీలకు లేదు. వాడు వెనక్కి వచ్చి, "సరే, ఖాతా మన చేతుల లేదు. లెక్క మన చేతుల ఉన్నది కదా" అన్నాడు. జిల్లాకు ఒక లీడ్ బ్యాంకు ఉంటుంది, ఏటా ఎవరికెంత అప్పివ్వాలో ప్రణాళిక వేస్తారు, దాని మీద మీటింగులు జరుగుతాయి. ఆ మీటింగుకు పోయి గల్లీ గురించి అడగాలంటే చేతిలో కాగితం ఉండాలి. ఈ గల్లీ నుంచి ఎంతమంది అప్పు అడిగారు, ఎంతమందికి వచ్చింది, రానివాళ్లకు ఏమని చెప్పారు. సచార్ ఢిల్లీలో వేసిన లెక్కను వాడు మా గల్లీలో వేస్తానన్నాడు.

ఒక లాంగ్ నోట్‌బుక్ కొన్నాడు. గీతలు కొట్టి, పేరు, పని, బ్యాంకు, ఏ సంవత్సరం, ఏమన్నారు అని అయిదు గడులు పెట్టాడు. మొదటి వరుసలో అబ్బా పేరు రాయించాం. పని: పరుపులు. సంవత్సరం: 2004. ఏమన్నారు అన్న గడిలో 'నెగటివ్ ఏరియా' అని రాస్తుంటే మా చెయ్యి కొంచెం వణికింది. చిన్నోడు భూపాలపల్లి నుంచి ఫోన్లో, తన పేరు కూడా రాయమన్నాడు, వచ్చినవాళ్ల లెక్క కూడా ఉండాలి కదా అని. అదీ న్యాయమే, రాశాం. ఆపా, లంబాడా తండాల నుంచి కూడా ఇట్లాంటి పుస్తకం ఒకటి వేయిస్తానంది, గీత ఒక్క గల్లీ మీదనే ఉంటదా అని.

ఆదివారం పొద్దున వాడితో కలిసి గల్లీలో బయలుదేరాం. మొదటి ఇల్లు మూసి ఉంది. రెండో ఇల్లు పండ్ల బండి నడిపే ఒక అవ్వది. కౌన్సిలర్ తలుపు కొట్టాడు. చేతిలో పెద్ద నోట్‌బుక్, జేబులో పెన్ను, గల్లీ మొగదల మోటరుసైకిల్. అవ్వ తలుపు సందు తీసి ఆ నోట్‌బుక్ వైపే చూసింది.

"ఈ వారం పైసలు లెవ్వు బేటా," అంది. "మంగళారం రా."

తలుపు వేసుకుంది.